మెంతిపూత కింది పేరు

బుధవారం పొద్దున మదార్బీ రొట్టెలకు పిండి పిసుకుతూ ఉంటే గట్టు మీది ఫోను రెండుసార్లు వణికింది. చేతులనిండా పిండి. మోచేత్తో ఫోనును దగ్గరకు లాక్కుని, నొక్కాల్సిన చోట ముక్కు కొసతో నొక్కింది. ఆమెకు అక్షరం ముక్క రాదు, అందుకే తెలిసినవాళ్ళంతా గొంతే పంపుతారు. వచ్చిన గొంతు లిగాయాది.

లిగాయా ఫిలిప్పీన్స్ మనిషి. జెద్దాలో ఈ ఇంట్లోనే, ఈ వంటింట్లోనే పదకొండేళ్ళు పనిచేసి, ఏడేళ్ళ కిందట కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, మారి ఉనైజాలో ఖర్జూరం తోటలున్న ఇంటికి వెళ్ళిపోయింది. ఆమె పోతూ పోతూ పని నేర్పి వదిలిపెట్టిన మనిషే మన మదార్బీ. వాళ్ళిద్దరి భాషా వంటింటి అరబ్బీ, అంటే కాలూ చెయ్యీ విరిగిన అరబ్బీ. అయినా ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడమనేది ఏనాడూ లేదు.

గొంతు చెప్పిన సంగతి ఇదీ. లిగాయా ఎగ్జిట్ మీద పోతోంది, ఇక తిరిగి రాదు. ఆమె కఫీల్ వాళ్ళు మక్కాకు ఉమ్రా యాత్రకు వస్తూ ఆమెను జెద్దాలో దించుతారు. వచ్చే వారం గురువారం సాయంత్రం విమానం. ఆ పొద్దున ఇంటికొచ్చి ఇంటి పెద్దామెనూ మదార్బీనీ చూసి పోతుంది. ఇంతవరకూ మదార్బీకి సంతోషమే. తర్వాత గొంతు అసలు సంగతికొచ్చింది.

“మదార్, నేను నీకిచ్చిన తబకేరా ఉంది కదా? మా అమ్మ అడుగుతోంది. ఒక ఫోటో తీసి పంపు, చాలు.”

మదార్బీ ఫోటో పంపలేదు. పిండిని ఇంకాసేపు పిసికింది, అవసరానికి మించి పిసికింది. ఆ పూట రొట్టెలు అట్టల్లా సాగాయి. ఇంటి పెద్దామె మామా ఫౌజియా ఒకటి తుంచబోయి తుంచలేక, ఈ రోజు నీకేమైంది అన్నట్టు చూసింది.

అయిందేమిటో చెప్పాలంటే ఆ తబకేరా ఎలాంటిదో చెప్పాలి.

సిగరెట్లు పెట్టుకునే డబ్బా అది. అరచేతిలో పట్టేంత. ఇనుమూ కాదు, తోలూ కాదు, అంతా అల్లిక. వెదురును దారమంత సన్నగా చీల్చి, ఏదో తాటిజాతి చెట్టు ఈనెలతో కలిపి అల్లింది. రెండు ముక్కలు, ఒకదాంట్లో ఒకటి దూరతాయి. పైతొడుగు కిందికి లాగితే అడుగుడబ్బా పూర్తిగా మూసుకుపోతుంది. లిగాయా వాళ్ళ అమ్మకు అమ్మమ్మ పెళ్ళికి ముందు, పిల్లగా ఉన్నప్పుడు అల్లిందట. నూరేళ్ళు దాటి ఎన్నేళ్ళయిందో వాళ్ళూ లెక్కపెట్టుకోలేదు. పైతొడుగు మీద ఆ ముసలామె తన పేరును నల్ల ఈనెలతో, మిగతా అల్లిక కంటే కాస్త ఉబ్బెత్తుగా, చేత్తో తడిమితే తెలిసేటట్టు అల్లుకుంది.

మరి అంత పాతది, అంత సొంతది, లిగాయా ఎందుకు ఇచ్చేసింది? ఆమె నాన్న వల్ల. అల్లుడుగా ఆ ఇంటికొచ్చి ఆయనే ఆ డబ్బాను జేబులో వేసుకున్నాడు. నలభై ఏళ్ళు అందులోంచి తీసి కాల్చాడు, ఆఖరి రెండేళ్ళు దగ్గి దగ్గి పోయాడు. కూతురు సౌదీకి బయలుదేరేటప్పుడు తల్లి దాన్ని ఆమె పెట్టెలో పెట్టింది, మనింటి గుర్తు ఒకటి ఉండనీ అని. పదకొండేళ్ళు అది పెట్టె అడుగునే ఉంది. మూత తీస్తే నాన్న దగ్గే వినిపిస్తుందని లిగాయా ఎన్నడూ తీయలేదు. ఉనైజాకు బట్టలు సర్దుకున్న రోజున దాన్ని మదార్బీ చేతిలో పెట్టి, నీ ఇష్టం, నువ్వే ఉంచుకో, నాకు వద్దు అని చెప్పి వేళ్ళు మూసింది. ఇచ్చిందంటే నిజంగానే ఇచ్చింది. అందులో మాటతేడా ఏమీ లేదు.

లిగాయా ఎలాంటి మనిషో కూడా చెప్పాలి. మదార్బీ రాయచోటి పక్క పల్లెలోంచి వచ్చిన కొత్తలో, బాత్రూము కడిగే మందును అద్దాలకు పోసి, అద్దాల మందును గిన్నెలకు పోసి, నెల తిరక్కుండానే ఇంటికి పంపించేసేంత పని చేసుకుంది. సీసాల మీది రాత చదవలేదు మరి. లిగాయా ఎవరికీ చెప్పకుండా ఒక మధ్యాహ్నం కూర్చుని ప్రతి సీసా మెడకూ రంగుదారం కట్టింది. ఎరుపు బాత్రూముకు, నీలం అద్దాలకు, పచ్చ గిన్నెలకు, నలుపు కట్టింది మాత్రం ముట్టుకోవద్దు. ఎగతాళి చేయలేదు, మామాకు చెప్పి పరువు తీయలేదు. అలాంటి మనిషి దగ్గర మాట పడటమంటే మదార్బీకి ప్రాణం పోయినంత పని.

ఇప్పుడు తప్పు సంగతి.

లిగాయా ఉనైజాకు వెళ్ళిన రెండో ఏడు డబ్బా మూలల్లో ఈనెలు లేచాయి. మదార్బీ అందులో వక్కలు పోసుకునేది. వక్కపొడి సందుల్లోంచి రాలి పైన వేసుకునే అబాయా జేబంతా అయ్యేది. ఆమెకు వెంటనే చాటలకు పూత పూసే తన తల్లి గుర్తొచ్చింది. వాళ్ళు దూదేకులవాళ్ళు. పల్లెలోకి మేదరవాళ్ళు చాటలూ గంపలూ తెస్తే కొన్న ఏ ఇల్లాలూ చాటను పచ్చిగా వాడదు. మెంతులు నానబెట్టి రుబ్బి, పాత కాగితాలు నానేసి పిండి, రెండూ కలిపి చాట మీద అరచేత్తో పూత పూస్తారు. ఆరితే గట్టి, చీమ దూరదు, పురుగు తినదు, పదేళ్ళు మన్నుతుంది. మదారు చెయ్యి పడితే చాటకు కుట్టు కనబడదని పల్లెలో పేరు. పెళ్ళి కాకముందు పక్కిళ్ళ చాటలు కూడా ఆమె దగ్గరకే వచ్చేవి.

ఆ చేత్తోనే ఆమె లిగాయా డబ్బాకు పూత పూసింది. మెంతులకు జెద్దాలో కరువా, హుల్బా అని అడిగితే ప్రతి కొట్టులో ఉంటాయి. కాగితానికి బదులు కోడిగుడ్ల అట్టలు నానేసింది. తెలివిగల మనిషి గనక పైతొడుగుకు వెలుపల, అడుగుడబ్బాకు లోపల పూసింది. రెండు వైపులా పూస్తే ఒకదాంట్లో ఒకటి దూరదు కదా. డాబా మీద ఎండలో ఆరబెట్టి మూడు పూతలు వేసి, నూనె గుడ్డతో తుడిచింది. చిన్న మట్టికుండలా గోధుమరంగులో నిగనిగలాడింది. ఎంత మురిసిపోయిందో. లిగాయా వస్తే చూపించాలని కూడా అనుకుంది. చిరిగిపోయేదాన్ని నిలబెట్టానని అనుకుంది తప్ప, పేరు కప్పేశానని ఆమెకు తోచనే లేదు. అది పేరని లిగాయా చెప్పింది, నిజమే. కానీ చదవని కంటికి నల్లగీతలు అంచుడిజైను లాగే ఉంటాయి.

ఆ మధ్యాహ్నం మామా పడుకున్నాక రెండో గొంతు వచ్చింది. లిగాయా తల్లికి రెండేళ్ళుగా చూపు లేదట. చూపు పోయినప్పటి నుంచీ ఫోను చేసినప్పుడల్లా ఒకటే అడుగుడు, మా అమ్మమ్మ డబ్బా తీసుకురా, చేత్తో పట్టుకుంటాను, పేరు వేళ్ళతో చదువుకుంటాను అని. చిన్నప్పుడు ఆమె అక్షరాలు దిద్దింది ఆ పేరు మీదేనట.

అది విన్నాక మదార్బీ కాలు ఒకచోట నిలవలేదు. గదిలోకి పోయి డబ్బా తీసింది, లోపల పెట్టేసింది, మళ్ళీ తీసింది. కళ్ళు మూసుకుని పైతొడుగు మీద వేలు నడిపింది. నున్నగా ఉంది. అద్దం మీద నడిచినట్టుంది. తన చేతి పనితనాన్ని మొట్టమొదటిసారి ఆమె తిట్టుకుంది.

కుళాయి కింద పెట్టి ఒక మూల తడిపింది, కరిగిపోతుందేమోనని. పూత కరగలేదు గానీ దాని కింది ఈనెలు నీళ్ళు తాగి ఉబ్బి, రెండు పుటుక్కుమని తెగాయి. గబుక్కున గుడ్డలో చుట్టి గుండెకు అదుముకుంది.

సాయంత్రం ఊళ్ళో ఉన్న చెల్లెలు మహబూబ్బీకి ఫోను చేసింది. విషయమంతా విని చెల్లెలు నవ్వాపుకోలేకపోయింది.

“పూసేది తెలుసు గానీ తీసేది ఎవురికి తెలుస్తాదక్కా? మన వంశంలో చాట మీద పూత తీసినోళ్ళు ఎవురైనా ఉండారా? నువ్వే మొదులు.”

నవ్విందే గానీ మహబూబ్బీ ఊరుకోలేదు. మర్నాడు పనిమాలా మేదర వీధికి పోయి ఒక ముసలామెను అడిగొచ్చింది. నీళ్ళలో ముంచితే పాత వెదురు చస్తుందని ఆమె మొత్తుకుందట. తడిగుడ్డ పిండి పూత మీద పరిచి, అది మెత్తబడేదాకా ఓపికపట్టి, గోటితో పొరపొరగా లేపాలి. తొందరపడితే పూతతో పాటు ఈనె కూడా లేచి వస్తుంది. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే, ఎన్నాళ్ళు పూసింది అని ఆ ముసలామె ఎదురు అడిగిందట.

మదార్బీకి దొరికే తీరిక మధ్యాహ్నం జుహర్ నమాజుకూ సాయంత్రపు అసర్ నమాజుకూ మధ్య, మామా పడుకున్నప్పుడు. అంతే. ఇస్త్రీ గదిలో నేల మీద కూర్చుని తడిగుడ్డ పరిచేది. మెత్తబడేదాకా కూర్చోలేకపోయేది. లేచి ఇస్త్రీ అయిన బట్టల్నే మళ్ళీ మడతపెట్టేది, కిటికీలోంచి వీధిలోకి చూసేది, వచ్చి వేలితో గిల్లి చూసేది, ఇంకా గట్టిగా ఉంటే మళ్ళీ లేచేది. కాలు కాలిన పిల్లి నయం. ఒక పూట గహ్వా కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయినా చూసుకోలేదు. మామా వాసన పట్టి లేచొచ్చి, ఊళ్ళో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా, టికెట్టు ఏమైనా కావాలా అని అడిగింది. మంచి మనిషే ఆమె. మదార్బీ ఏమీ లేదంది. చెబితే లిగాయాకు తనకంటే ముందు మామా నోట తెలుస్తుందని భయం.

రోజుకు వేలు వెడల్పు ఊడితే గొప్ప. మొదట నిచ్చెన మెట్టు లాంటిది బయటపడింది, రెండు నిలువుగీతలూ మధ్యలో అడ్డగీతా. మర్నాడు గాజు లాంటి గుండ్రం. తర్వాత ఏదో వంకరగీత. మళ్ళీ గాజు. ఒక్కొక్కటి బయటపడినప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది, వెంటనే ఇంకెన్ని ఉన్నాయో అనే గుబులు పట్టేది. పేరు ఎంత పొడుగో ఆమెకు తెలియదు. ఎక్కడ ఆగుతుందో తెలియని దారిలో నడవడమే అది.

ఇంటి డ్రైవరు ఇస్సాక్ ఒక్కడికే చెప్పింది. అతనిదీ కడప జిల్లానే. వరసేమీ లేకపోయినా అత్తా అని పిలుస్తాడు. బజారుకు పోయినప్పుడు కారు వెనక సీట్లో కూడా ఆమె తొడుగును ఒళ్ళో పెట్టుకుని గీకుతుంటే అద్దంలో చూసి అడిగాడు. విన్నాక తేలిగ్గా తీసేశాడు.

“ఇంతదానికి యాడుపు ముఖం ఎందుకత్తా? పోయిందని చెప్పు. ఇల్లు సున్నం కొట్టేటప్పుడు ఎవురో పారేసినారని చెప్తే ఏం చేస్తాది? ఇచ్చింది ఆయమ్మే గదా.”

“చూసినాక ఆయమ్మ ముఖం ఎట్లుంటాదో అని నా బాధ. పోయిందంటే ముఖం చూసే పనే ఉండదు, నిజమే,” అంది మదార్బీ. అని, ఆ మాట తన నోటి నుంచి అంత తేలిగ్గా వచ్చినందుకు తనే ఉలిక్కిపడింది.

ఇస్సాక్ ఆమెను బలద్ పాతబజారుకు కూడా తీసుకుపోయాడు, అలాంటిదే ఇంకొకటి దొరుకుతుందేమోనని. అల్లిన బుట్టలు దొరికాయి, విసనకర్రలు దొరికాయి. దారమంత సన్నటి అల్లిక ఎక్కడా లేదు. ఒక దుకాణంలోని ముసలాయన తొడుగును వెలుతురుకు పట్టి చూసి, దీని మీద ఈ మట్టి పూసిన గాడిద ఎవరు అన్నాడు. మదార్బీ తల వంచుకుని బయటికొచ్చింది.

ఈలోగా లిగాయా నుంచి ఇంకో రెండు గొంతులు వచ్చాయి. ఫోటో ఏదీ అని ఒకటి, నువ్వు బాగున్నావా అని ఒకటి. మదార్బీ జవాబు చెప్పబోయి, మొదలుపెట్టి, చెరిపేసి, మళ్ళీ మొదలుపెట్టి, చివరికి నువ్వు రా, మాట్లాడుకుందాం అని మాత్రం పంపింది.

గురువారం వచ్చేసింది. నిచ్చెన, గాజు, వంకరగీత, మళ్ళీ గాజు, కాలు చాపిన బొమ్మ, గుడారం లాంటిది ఒకటి. ఆరు బయటపడ్డాయి. పక్కన ఇంకా రెండు వేళ్ళ మేర పూత అట్లాగే ఉంది. లోపలి డబ్బా అయితే ముట్టుకోనే లేదు. రెండు ముక్కలనూ గుడ్డలో చుట్టి గరిటెల సొరుగులో పెట్టింది.

లిగాయాను తీసుకురావడానికి ఇస్సాక్ పోయాడు. పదింటికి గేటు దగ్గర కారు ఆగింది. లిగాయా జుట్టు సగం నెరిసింది, మోకాలు నొప్పేమో ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది, నవ్వు మాత్రం ఆ నవ్వే. మామా తల మీద ముద్దుపెట్టింది. ఇద్దరూ చనిపోయిన ఇంటి పెద్దాయనను, మామా భర్తను, తలచుకుని కళ్ళు తుడుచుకున్నారు. మామా ఆమెకు ఒక చీటీగుడ్డా, ఒక అత్తరు సీసా, ఖర్జూరం డబ్బా ఇచ్చింది. ఖర్జూరం ఊళ్ళోంచి వచ్చిన మనిషికి ఖర్జూరమా అని లిగాయా అంటే మామా పగలబడి నవ్వింది.

తర్వాత లిగాయా వంటింట్లోకి వచ్చి మదార్బీని గట్టిగా పట్టుకుంది. పట్టుకునే చెవిలో చెప్పింది.

“డ్రైవరు కారులో చెప్పాడు. పోయిందటగా. నువ్వు దిగులుపడకు, మదార్. వద్దని ఇచ్చిందాన్ని నేను.”

మదార్బీ ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు చూసింది. ఇస్సాక్ అక్కడ నిలబడి, పని చక్కబెట్టానన్నట్టు కన్నుగీటి, చల్లగా బయటికి జారుకున్నాడు.

ఏమాటకామాట చెప్పుకోవాలి. ఆ క్షణాన మదార్బీ ఒంట్లోంచి ఎనిమిది రోజుల బరువు జారిపోయింది. అబద్ధం తను ఆడలేదు. ఎవరో ఆడారు, ఎదుటి మనిషి నమ్మింది, క్షమించడం కూడా అయిపోయింది. నోరు మూసుకుని టీ పెడితే చాలు. టీ పెట్టింది కూడా. ఏలకులు దంచింది, పాలు పోసింది, కప్పులు కడిగినవే మళ్ళీ కడిగింది.

లిగాయా బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుతూనే ఉంది. అమ్మతో ఎన్ని అబద్ధాలు ఆడిందో చెప్పింది. నానాయ్, అంటే అమ్మా, డబ్బా నా దిండు కిందే ఉంది అని చెప్పేదట. ఏ పక్క ఈనె లేచిందో తడిమి చెప్పు అని తల్లి అడిగితే, కుడి పక్క అని నోటికొచ్చింది చెప్పేదట. తల్లి, కుడి పక్కే, మీ నాన్న బొటనవేలు పెట్టే చోటు అని సంబరపడేదట. దిగగానే ముందు నా బ్యాగే తడుముతుంది ఆమె అంది. విమానంలో సామాను పోయిందని చెబుతానంది. మళ్ళీ, కాదు, జెద్దాలో దొంగలు ఎత్తుకుపోయారంటే నయమేమో అంది. ఏ మాట చెబితే అమ్మకు తక్కువ నొప్పి అని, ఒక్కొక్క మాటా పైకే అని చూసుకుంటోంది, అంగట్లో గాజులు చేతికి వేసి చూసుకున్నట్టు.

మదార్బీ చేతిలోని కప్పు కింద పెట్టి, సొరుగు లాగి, మూట తెచ్చి లిగాయా ముందు పెట్టింది.

“పోలేదు. నేనే పాడుచేసినా.”

లిగాయా మూట విప్పింది. అడుగుడబ్బాను చూసింది, పైతొడుగును చూసింది. సగం అల్లిక, సగం గోధుమరంగు గచ్చు. మదార్బీ నిలబడలేక, కూర్చోలేక, చాటల సంగతి చెప్పుకొచ్చింది, మెంతులు, కోడిగుడ్ల అట్టలు, తల్లి, మేదర ముసలామె అన్నీ. మధ్యలోనే లిగాయా చెయ్యెత్తింది.

“తిండి పూశావా దీనికి? మా ముత్తవ్వ పేరు మీద?”

“మంచి చేస్తాండా అనుకున్నా.”

“నేను అడిగాక ఎనిమిది రోజులు ఒక్క మాట చెప్పలేదు. ఇప్పుడు ఆ డ్రైవరు చేత పోయిందని చెప్పించావు.”

చెప్పించలేదని అనబోయింది మదార్బీ. కానీ టీ పెట్టినంతసేపూ నోరు మూసుకున్న మాట నిజం గనక అనలేకపోయింది.

లిగాయాకు కోపం వస్తే అరవదు. ముఖం రాయి అయిపోతుంది. మూట తిరిగి కట్టి బ్యాగులో పెట్టుకుంది, టీ ముట్టలేదు, ఇస్త్రీ గది గుమ్మం దాకా పోయి కాసేపు నిలబడి వచ్చింది. పన్నెండయింది. ఇస్సాక్ హారన్ కొట్టాడు. లిగాయా మామా చేయి పట్టుకుని వీడ్కోలు చెప్పి, మదార్బీ వైపు తల ఊపి, మెట్లు దిగింది.

మదార్బీ అబాయా లాక్కుని, తిరగేసి తొడుక్కుని, మామా దగ్గరకు పరిగెత్తింది. ఎయిర్‌పోర్టు దాకా పోయొస్తానని అడిగింది. మామా ఆమె ముఖం చూసి ఎందుకని అడగలేదు. వంట నేను చూసుకుంటా, పో అంది. పదిహేనేళ్ళుగా పొయ్యి ముట్టని మనిషి ఆమె.

కారు కదిలేలోపు తలుపు తీసి లిగాయా పక్కన కూర్చుంది మదార్బీ. చేతిలో తడిగుడ్డ, దబ్బనం. ఇస్సాక్ అద్దంలోకి చూడకుండా రోడ్డు మీదే చూపు నిలిపి నడిపాడు, ఆ పూటకు అతనికి అది చాలా మర్యాద.

“తొడుగు ఇయ్యి. రెండు వేళ్ళే ఉంది,” అంది మదార్బీ.

లిగాయా ఇవ్వలేదు. సిగ్నలు దగ్గర ఆగారు, కదిలారు, మళ్ళీ ఆగారు. సముద్రం పక్క రోడ్డు దాటింది. అప్పుడు బ్యాగు తెరిచి మూట విప్పి, తొడుగును ఇద్దరి మధ్య సీటు మీద పెట్టింది. తడిగుడ్డ తనే పరిచింది.

“నా గోళ్ళు పెద్దవి, తెగిపోతాయి. నువ్వు తియ్యి. నేను తడుపుతాను.”

కారు కుదుపుల్లో దబ్బనం ఆనించడం మాటలు కాదు. మదార్బీ దాన్ని పక్కన పడేసి బొటనవేలి గోటితోనే లేపింది. లిగాయా గుడ్డ అద్దడం, ఆమె లేపడం. పూత పొరలు ఇద్దరి అబాయాల మీదా రాలాయి, కారంతా తడిసిన మెంతుల వాసన. ఇస్సాక్ కిటికీ అద్దం దించి, అడగకుండానే వేగం తగ్గించాడు. ఈసారి ఒకే నిలువుగీత, దాని నెత్తి మీద అడ్డపట్టీ బయటపడింది. ఏడోది. ఇంకా ఉందా, అయిపోయిందా అని మదార్బీ అడగలేదు. లిగాయా మాత్రం మూల వైపు వేలు చూపించింది, ఇంకొకటి అన్నట్టు.

ఆ మూలే మొదటిరోజు కుళాయి కింద తడిపిన మూల. పూత అక్కడ వదులుగా ఉంది, తేలిగ్గానే లేచింది. కింద గుడారం లాంటి బొమ్మకు ఒక కాలు లేదు. తెగిన ఈనెలు రెండు బయటికి పొడుచుకొచ్చాయి. అది పూత వల్ల కాదనీ, తన తొందర వల్లేననీ మదార్బీ చెప్పేసింది. దాచేది ఇంకేమీ మిగలకూడదనిపించింది.

ఎయిర్‌పోర్టులో ఫిలిప్పీన్స్ వాళ్ళ గుంపులు, తాళ్ళు బిగించిన పెట్టెలు, పిల్లల ఏడుపులు. ఇస్సాక్ సామాను తోపుడుబండి మీద పెట్టాడు. లోపలికి పోయే తలుపు దగ్గర లిగాయా ఆగి, తొడుగును ఎడమచేతిలో పట్టుకుని కళ్ళు మూసుకుంది. కుడిచేతి చూపుడువేలు నిచ్చెన మీంచి మొదలై, ఎక్కడా తొందర లేకుండా, గాజు మీంచి, వంకరగీత మీంచి, ఒక్కొక్కదాని మీదా ఆగుతూ నడిచింది. వెనకవాళ్ళు బండ్లు తోసుకుంటూ విసుక్కుంటూ పక్కనుంచి పోతున్నారు. మదార్బీ ఆ వేలినే చూస్తోంది. తెగిన కాలు దగ్గర వేలు ఒక్క క్షణం తడబడింది. తెగిన ఈనె కొసను తడిమింది. దాటింది.

“ఒనొరాటా,” అంది లిగాయా, కళ్ళు తెరవకుండానే.

ఏడేళ్ళుగా వక్కలు పోసుకున్న డబ్బా మీది పేరు మదార్బీ వినడం అదే మొదలు. తనూ ఒకసారి అంది. సరిగ్గా పలకలేదు. లిగాయా సరిచేసి మళ్ళీ చెప్పింది, మదార్బీ మళ్ళీ అంది.

లిగాయా అడుగుడబ్బాను తొడుగులో దూర్చింది. లోపలి పూత అట్లాగే ఉంది. దాన్ని అమ్మ ముందు కూర్చుని తీస్తానంది, ఎవరు పూశారో కూడా చెబుతానంది.

“చెప్పు,” అంది మదార్బీ. “కోపం ఉందా?”

“ఉంది. విమానం దిగేదాకా ఉంటుంది. దిగాక చూస్తాను,” అని బండి తోసుకుంటూ లోపలికి పోయింది.

ఆమె వరసలో నిలబడి, పాస్‌పోర్టు చూపించి, మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా మదార్బీ తలుపు దగ్గరే ఉంది. ఇస్సాక్ వచ్చి, పోదామా అత్తా, మామా వంట తినాలంటే నాకు భయంగా ఉంది అన్నాడు. నువ్వింక నా తరపున ఎవురికీ ఏమీ చెప్పొద్దని మదార్బీ వాడికి గట్టిగానే చెప్పి, కారెక్కింది.